ఈ పెద్ద తాబేలు ఈ నీటిదేనా? ఐనాచురలిస్ట్, నాస్ సేవలపై సమీక్ష

అమెరికాలో చెరువు గట్టు మీదో పెరటి గడ్డిలోనో చాటంత తాబేలు కనిపిస్తే మనవాళ్లు చేసే మొదటి పని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. జవాబులు రెండు రకాలుగా వస్తాయి. "అది ఇన్వేసివ్ (బయటినుంచి వచ్చి స్థానిక జీవులకు హాని చేసేది), వెంటనే పట్టించాలి" అని ఒకరు, "అది ఇక్కడిదే, దాని మానాన దాన్ని వదిలెయ్యండి" అని ఇంకొకరు. స్నాపింగ్ టర్టిల్ అనే, చటుక్కున కరిచే పెద్ద మంచినీటి తాబేలు విషయంలో రెండు మాటలూ నిజం కావచ్చు. న్యూజెర్సీ ఎడిసన్‌లో అది మనకంటే ఎన్నో వేల ఏళ్ల ముందు నుంచీ ఉన్న జీవి. ఆరిగాన్ హిల్స్‌బరోలో అదే జాతి చట్టప్రకారం నిషిద్ధ జంతువు. జాతి మారలేదు, ఆ నీరు వెళ్లి కలిసే నది మారింది.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పైసా ఖర్చు లేని సేవలు రెండున్నాయి. ఒకటి ఐనాచురలిస్ట్, ఫొటో పెడితే జీవి పేరు తేల్చే యాప్, సైట్. 2008లో బర్కిలీ విద్యార్థుల మాస్టర్స్ ప్రాజెక్టుగా మొదలైంది. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్, నేషనల్ జియోగ్రాఫిక్ అండతో పెరిగి 2023లో విడిగా లాభాపేక్ష లేని సంస్థ అయింది. రెండోది అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ల నాన్‌ఇండిజినస్ అక్వాటిక్ స్పీసీస్ డేటాబేస్, పొట్టిగా నాస్. దీన్ని ఫ్లోరిడాలోని గేన్స్‌విల్ నుంచి నడుపుతారు. మొదటిది తాబేలు పేరు చెప్పడంలో దిట్ట. రెండోది ఆ పేరు గల తాబేలు ఆ నీటిలో ఉండాలా వద్దా చెప్పడంలో దిట్ట. మొదటిదానిలో పేరు పక్కన కనిపించే చిన్న గుర్తును చూసి రెండో పని కూడా అయిపోయిందనుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఏ స్నాపరో తేలాలి

స్నాపింగ్ టర్టిల్ అనగానే చాలామంది ఒకే జంతువును ఊహించుకుంటారు. కామన్ స్నాపర్ వేరు, ఆలిగేటర్ స్నాపర్ వేరు. కామన్ స్నాపర్ తూర్పు కెనడా నుంచి రాకీ పర్వతాలకు తూర్పు దాకా, దక్షిణాన గల్ఫ్ తీరం, ఫ్లోరిడా దాకా స్థానికం. బరువు మామూలుగా 4.5 నుంచి 16 కిలోలు. ఆలిగేటర్ స్నాపర్ గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కలిసే నదులకు మాత్రమే చెందింది. పడమట తూర్పు టెక్సస్, తూర్పున ఫ్లోరిడా, ఉత్తరాన మిసిసిపీ వెంబడి ఇల్లినాయి దాకా దాని పరిధి. మగవి 70 కిలోలు దాటగలవు. రెండింటికీ చట్టాలు వేరు, ముప్పులు వేరు. అందుకని జాతి తేలకుండా స్థానికమా కాదా అని అడగడంలో అర్థం లేదు.

రెండింటికీ తేడా చూడాల్సింది డిప్ప, కళ్లు, తోకల్లో. ఆలిగేటర్ స్నాపర్ డిప్ప మీద మూడు వరసల్లో ఎత్తైన ముళ్ల దిబ్బలు ముసలితనంలో కూడా నిలుస్తాయి. కామన్ స్నాపర్ పిల్లగా ఉన్నప్పుడు మూడు గీతల్లాంటి మిట్టలుంటాయి గానీ పెద్దయ్యేసరికి అరిగి నున్నబడతాయి. పైనుంచి చూస్తే కామన్ స్నాపర్ కళ్లు కనిపిస్తాయి, ఆలిగేటర్ స్నాపర్ కళ్లు తల పక్కలకు ఉంటాయి కాబట్టి కనిపించవు. కామన్ స్నాపర్ తోక పైభాగాన రంపపు పళ్లలా లేచిన పొలుసుల వరస ఉంటుంది. అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు డిప్ప అంచున ఉంటుంది. ఆలిగేటర్ స్నాపర్‌కు పక్క పలకలకూ అంచు పలకలకూ మధ్య అదనంగా ఒక చిన్న పలకల వరస ఉంటుంది, కామన్ స్నాపర్‌కు ఉండదు. నాలుక చివర పురుగులా ఆడే ఎర కూడా ఆలిగేటర్ స్నాపర్‌కే ఉంటుంది. దాన్ని చూడాలంటే అది నోరు తెరిచి ఉండాలి, కాబట్టి బయట గుర్తుపట్టడానికి పనికిరాదు.

ఐనాచురలిస్ట్ యంత్రం ఫొటో చూసి ఈ పని బాగా చేస్తుంది, ఫొటో బాగుంటే. నాలుగు ఫొటోలు కావాలి. డిప్ప మొత్తం పైనుంచి ఒకటి, తల పక్కనుంచి ఒకటి, తోక ఒకటి, చుట్టూ ఉన్న నీరు, గట్టు కనిపించేలా ఒకటి. నాలుగోది ఎందుకంటే, అది టబ్బులో ఉన్నదా, పార్కు కొలనులో ఉన్నదా, వాగులో ఉన్నదా అన్నది తర్వాత చూసేవాళ్లకు కావాలి. డిప్ప మీద పాచి పట్టి ఉంటే పలకల వరసలు కనబడవు. అప్పుడు తల, తోక ఫొటోలే దిక్కు. ఎండలో తడి డిప్ప మెరిసి వివరాలు కడిగేసినట్టు పోతాయి కాబట్టి నీడ పడే వైపునుంచి తీయండి.

దూరం సంగతి. కామన్ స్నాపర్ మెడ చాలా పొడవు, వెనక్కి కూడా తిరుగుతుంది. ముందునుంచి గానీ పక్కనుంచి గానీ ఒక మీటరు లోపలికి వెళ్లకండి. జూమ్ వాడండి. ఫొటో కోసం దాన్ని తోక పట్టి ఎత్తడం అసలు చేయకూడదు. దాని బరువంతా వెన్నెముక మీద పడి ఎముకలు విడిపోతాయి. తాబేలు అప్పుడు చావకపోయినా తర్వాత బాధపడుతుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో చిక్కు

మన ఇళ్లలో ఎక్కువసార్లు జరిగేది ఇదే. ఫొటో తీసింది ఒకరు, ఐనాచురలిస్ట్‌లో పెట్టేది ఇంకొకరు. వాట్సాప్ ఫొటోను కుదించేటప్పుడు అందులో దాగి ఉండే తేదీ, స్థలం వివరాలను తీసేస్తుంది. ఆ ఫొటోను యాప్‌లో ఎక్కిస్తే చోటు ఖాళీగా వస్తుంది, లేదంటే ఎక్కించేవాళ్లు ఉన్న చోటునే అందులో పెట్టేస్తారు. ఆరిగాన్ తాబేలు అలా టెక్సస్ తాబేలు అయిపోతుంది. పరాయి నీటి జంతువు కాస్తా కాగితం మీద స్థానికం అయిపోతుంది.

దీనికి విరుగుడు తేలికే. ఫొటోను మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి. అదీ కుదరకపోతే తీసినవాళ్లనే చోటు అడిగి, పటం మీద చోటు చూపే సూదిని (పిన్‌ను) చేత్తో పెట్టండి. సూది చుట్టూ ఒక వలయం వస్తుంది. అది చోటు ఎంత కచ్చితమో మీటర్లలో చూపుతుంది. మామూలుగా వదిలేస్తే కొన్నిసార్లు కిలోమీటర్ల వ్యాసంతో ఉంటుంది. వలయాన్ని 50 మీటర్లకు తగ్గించండి, నిజంగా అంత కచ్చితంగా తెలిస్తేనే. వలయం రెండు వాగుల మీద పడితే ఆ రికార్డు ఏ నదికి చెందిందో ఎవరూ చెప్పలేరు.

"దగ్గర్లో ఉండే అవకాశం" అనే వల

ఐనాచురలిస్ట్ సూచనలు ఇచ్చేటప్పుడు ఫొటోనే కాదు, చోటును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ప్రాంతంలో ఉండే అవకాశం ఉన్న జాతులనే ముందు చూపిస్తుంది. పక్షులకు, మొక్కలకు ఇది వరం. నూరు తప్పుడు సూచనలు మాయమవుతాయి. కానీ ఎవరో తెచ్చి వదిలేసిన జంతువుకు ఇదే శాపం. ఉండకూడని చోట ఉన్నదాన్నే మనం వెతుకుతున్నాం, ఉండకూడని చోట ఉన్నదాన్నే ఈ వల పక్కకు నెట్టేస్తుంది.

2013లో మధ్య ఆరిగాన్‌లోని ప్రైన్‌విల్ రిజర్వాయర్‌లో ఆలిగేటర్ స్నాపర్ దొరికింది. గల్ఫ్ నదులకు వేల కిలోమీటర్ల దూరం. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో అర్స్‌విక్ టార్న్ అనే చిన్న సరస్సులో ఇంకొకటి దొరికింది. ఇలాంటి చోట వడపోత ఆన్‌లో ఉంటే ఆలిగేటర్ స్నాపర్ పేరు జాబితాలో కనిపించకపోవచ్చు. తాబేలు అన్న స్థాయిలోనో, దగ్గరి పోలికగా కామన్ స్నాపర్ అనో ఆగిపోవచ్చు.

అందువల్ల పెద్ద తాబేలు ఏదైనా సరే, మొదటి సూచనల జాబితా చూశాక "దగ్గర్లో ఉండే అవకాశం లేనివి కూడా చూపించు" అన్న ఎంపికను ఆన్ చేసి మళ్లీ చూడండి. రెండు జాబితాల్లోనూ ఒకే పేరు పైన ఉంటే ధైర్యంగా ఎంచుకోవచ్చు. పేర్లు మారితే జాతి పేరు రాయకండి. స్నాపింగ్ టర్టిల్స్ కుటుంబం అని మాత్రమే రాసి వదిలేయండి. చూసేవాళ్లు మిగతాది తేలుస్తారు. ఐనాచురలిస్ట్ బలమంతా ఆ మనుషులే. తాబేళ్ల మీద పనిచేసే వాళ్లు చాలామంది అక్కడ రోజూ కూర్చుని గుర్తిస్తుంటారు. పలకల వరస కనిపించే ఫొటో పెడితే చాలాసార్లు ఒక్క రోజులోపే జవాబు వస్తుంది.

సీక్ అనే చిన్న యాప్ కూడా వాళ్లదే. ఖాతా అక్కర్లేదు, పిల్లలకు బాగుంటుంది. ఈ పనికి మాత్రం చాలదు. అది యంత్రం చెప్పిన పేరు దగ్గరే ఆగుతుంది, మనిషి చూసి సరే అనడం ఉండదు, ఖాతా లేకుండా వాడితే రికార్డు ఎక్కడికీ చేరదు.

పేరు మీద ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది గుర్తించి, వాళ్లలో మూడింట రెండొంతులకు మించి ఏకీభవిస్తే, తేదీ, చోటు, ఫొటో ఉంటే, రికార్డు రీసెర్చ్ గ్రేడ్ అవుతుంది. ఈ మాట చూసి చాలామంది దానికి లేని అర్థాన్ని కడతారు. రీసెర్చ్ గ్రేడ్ అంటే పేరు సరైనదని ఒప్పుకోవడమే. ఆ జంతువు అక్కడిదే అని గానీ, కాదని గానీ అది చెప్పదు. ఒకరి ఇంటి టబ్బులోని తాబేలును పెట్టేటప్పుడు "పెంపుడు" అన్న గడి నొక్కడం మరవకండి. మరిస్తే అది అడవి తాబేలుగా పటం మీద ఎక్కి, తర్వాత చూసేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

పేరు పక్కన ఉన్న గుర్తు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఐనాచురలిస్ట్‌లో కొన్ని రికార్డుల్లో పేరు పక్కన గులాబీ రంగు గుర్తు కనిపిస్తుంది. దాని మీద నొక్కితే ఫలానా రాష్ట్రంలో ఇది ఇంట్రడ్యూస్డ్ అని, అంటే మనుషుల వల్ల అక్కడికి వచ్చిందని రాసి ఉంటుంది. జాతి పేజీలోకి వెళ్లి స్టేటస్ అనే భాగం తెరిస్తే ఏ చోట స్థానికం, ఏ చోట ఇంట్రడ్యూస్డ్ అన్న పట్టిక ఉంటుంది. చూడ్డానికి తీర్పులా ఉంటుంది గానీ, ఆ పట్టిక ఎలా తయారవుతుందో తెలిస్తే నమ్మకం సగానికి తగ్గుతుంది.

మొదటి లోపం, అది ఇన్వేసివ్ అనే మాటే చెప్పదు. ఇంట్రడ్యూస్డ్ అంటే బయటినుంచి వచ్చిందని మాత్రమే. వచ్చి స్థిరపడిందా, పిల్లలు పెట్టిందా, స్థానిక జీవులకు హాని చేస్తోందా అన్నది వేరే ప్రశ్న. ఒక్క పెంపుడు తాబేలును ఎవరో వదిలేసి అది ఒంటరిగా బతుకుతుంటే అది ఇంట్రడ్యూస్డే గానీ ఇన్వేసివ్ కాదు. గ్రూపుల్లో జరిగే వాదనల్లో చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తాయి.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ గుర్తు ఎక్కువగా దేశం, రాష్ట్రం హద్దుల జాబితాల మీద నడుస్తుంది. తాబేళ్లకు రాష్ట్రాల హద్దులు తెలియవు, నదుల హద్దులే తెలుసు. కొలరాడో చూడండి. తూర్పు మైదానాల్లో సౌత్ ప్లాట్, ఆర్కన్సా నదుల నీటిలో కామన్ స్నాపర్ స్థానికం. డెన్వర్, అరోరా వైపు చెరువుల్లో కనిపిస్తే అది అక్కడిదే. అదే రాష్ట్రంలో పర్వతాల అవతల, గ్రాండ్ జంక్షన్ వైపు కొలరాడో నది నీటిలో కనిపిస్తే మనుషులు తెచ్చిందే. రాష్ట్రం మొత్తానికి ఒకే ముద్ర వేస్తే రెండు వైపుల్లో ఒక వైపు తప్పక తప్పవుతుంది. కౌంటీ స్థాయిలో జాబితా ఉంటే సరిపోతుంది గానీ, తాబేళ్లకు అలాంటి జాబితాలు నింపే ఓపిక ఉన్నవాళ్లు అన్ని కౌంటీల్లోనూ లేరు. జపాన్ లాంటి చోట మాత్రం ఈ గుర్తు ఇబ్బంది పెట్టదు. అక్కడ దేశమంతటా కామన్ స్నాపర్ పరాయిదే. చీబాలోని ఇంబానుమా ప్రాంతంలో పెంపుడు జంతువుల నుంచి అది స్థిరపడిపోయింది. 2005 నుంచి దాని పెంపకం, రవాణా, వదిలేయడం అక్కడ నిషేధం.

కాబట్టి ఐనాచురలిస్ట్‌కు పేరు తేల్చడంలో ఐదుకు నాలుగున్నర. స్థానికమా కాదా తేల్చడంలో రెండున్నర. తప్పు వాళ్లదని కాదు. ఆ గుర్తును అంతకంటే పెద్ద పనికి వాడుకోవడం మన తప్పు.

నాస్: పాత ముఖం, గట్టి సమాచారం

నాస్ తెరిస్తే ప్రభుత్వ సైట్ అని తెలిసిపోతుంది. ఫోన్ తెర మీద పట్టికలు పక్కకు జారిపోతాయి, చిన్న అక్షరాలు. కంప్యూటర్‌లో చూడడమే మేలు. డేటాబేస్ వెతుకులాటలో సరీసృపాలు, ఆపై తాబేళ్లు ఎంచుకుని కామన్ స్నాపర్ శాస్త్రీయ నామం కెలిడ్రా సర్పెంటినా మీద నొక్కితే దాని పేజీ వస్తుంది. గుర్తుపట్టే వివరాలు, పరిమాణం, స్థానిక పరిధి, ఎలా వచ్చింది, స్థితి, ప్రభావం అన్న భాగాలు వరసగా ఉంటాయి. ఇక్కడ ప్రభావం అనే భాగం విడిగా ఉండటం నాకు చాలా నచ్చే విషయం. స్థితి, ప్రభావం రెండూ కలిపేయకుండా వేర్వేరుగా రాస్తారు.

ఇంకో మంచి పని ఏమిటంటే, వేరే దేశం నుంచి వచ్చిన జాతినీ, అమెరికాలోనే ఒక చోటినుంచి ఇంకో చోటికి చేరిన జాతినీ వేరు చేస్తుంది. కామన్ స్నాపర్ రెండో రకం. ఈ రకాన్ని గుర్తించకపోతే "అమెరికన్ జంతువే కదా, ఇన్వేసివ్ ఎలా అవుతుంది" అన్న ప్రశ్నకు జవాబుండదు.

అసలు బలం నదీ పరీవాహక ప్రాంతాల లెక్కలో ఉంది. గోదావరి, కృష్ణ పరీవాహక ప్రాంతాలు వేరని మనం ఎలా చూస్తామో, అమెరికా మొత్తాన్ని వాళ్లు అలా చిన్న చిన్న ఉప పరీవాహక ప్రాంతాలుగా పంచి, ఒక్కోదానికి ఎనిమిది అంకెల కోడ్ ఇచ్చారు. మొదటి రెండు అంకెలు పెద్ద ప్రాంతాన్ని చెబుతాయి. 17 అంటే పసిఫిక్ నార్త్‌వెస్ట్, 18 అంటే కాలిఫోర్నియా. హిల్స్‌బరో, బీవర్టన్ ఉన్న టువాలటిన్ నది కోడ్ 17090010. నాస్ పేజీలోని పట్టికలో ఒక్కో రాష్ట్రానికి మొదట ఎప్పుడు కనిపించింది, చివరగా ఎప్పుడు కనిపించింది, ఎన్ని పరీవాహక ప్రాంతాల్లో కనిపించింది, అవి ఏవి అని ఉంటుంది. మీ నీటి కోడ్ ఆ వరసలో ఉందేమో చూస్తే చాలు.

మీ కోడ్ తెలియకపోతే పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల హౌజ్ మై వాటర్‌వే అనే సైట్‌లో జిప్ కోడ్ కొట్టండి. మీ ప్రాంతపు పన్నెండు అంకెల సంఖ్య వస్తుంది. అందులో మొదటి ఎనిమిది తీసుకోండి. ఊరి మధ్యలో పరీవాహక ప్రాంతపు హద్దు ఉంటే జిప్ కోడ్‌తో తప్పు వస్తుంది కాబట్టి పటం మీద ఆ చెరువు దగ్గరే నొక్కి సరిచూసుకోండి.

నాస్ పటంతో ఒక పెద్ద ప్రమాదం ఉంది. ఒక ప్రాంతంలో ఒక్క తాబేలు ఒక్కసారి కనిపించినా ఆ ఉప పరీవాహక ప్రాంతం మొత్తం రంగు పూసుకుంటుంది. దాన్ని చూసి "ఊరంతా నిండిపోయాయి" అనుకుంటారు. రంగు చూడగానే ఆగకుండా రికార్డులు తెరిచి స్థితి గడి చూడాలి. ఎస్టాబ్లిష్డ్ అంటే స్థిరపడి పిల్లలు పెడుతున్నాయి. కలెక్టెడ్ అంటే దొరికింది, పట్టుకున్నారు, అంతకుమించి తెలియదు. ఫెయిల్డ్ అంటే వదిలారు గానీ నిలవలేదు. ఎరాడికేటెడ్ అంటే పనిగట్టుకుని తొలగించారు. పక్కనే చోటు కచ్చితమా, ఉజ్జాయింపా, ఒక ప్రాంతపు మధ్య బిందువా అన్నది కూడా రాసి ఉంటుంది. మధ్య బిందువు అని ఉన్న రికార్డును పట్టుకుని ఫలానా చెరువులో ఉందని చెప్పకూడదు. రికార్డు లేకపోవడం కూడా తాబేలు లేదనడానికి సాక్ష్యం కాదు, ఎవరూ చెప్పలేదని మాత్రమే.

స్థితి తేల్చడంలో నాస్‌కు నాలుగున్నర ఇస్తాను. వాడటంలో సుఖానికి రెండు.

తప్పు ముద్ర వేస్తే ఏం పోతుంది

ఇదంతా ఎందుకంటే రెండు వైపులా నష్టం నిజమైనది. స్థానికమైన చోట ఇన్వేసివ్ అని చంపితే పెద్ద దెబ్బ. కామన్ స్నాపర్ ఆడది ఒక్కసారికి 20 నుంచి 40 గుడ్లు పెడుతుంది. కానీ వాటిలో చాలావరకు రకూన్లు, నక్కలు తవ్వి తినేస్తాయి. కెనడాలో ఒంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కులో 1972 నుంచి సాగుతున్న పరిశీలనలో ఆడవి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదిహేనేళ్లకు పైనే పడుతుందని తేలింది. అందుకే పెద్దవాటిని కొన్నిటిని తీసేసినా ఆ చెరువు దశాబ్దాల పాటు తేరుకోదు. ఒంటారియోలో 2017లో వేట ఆపేశారు. న్యూయార్క్ 2006లోనే దీన్ని రాష్ట్ర సరీసృపంగా ప్రకటించింది. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం సైటీస్ 2022 సమావేశంలో కామన్ స్నాపర్, ఆలిగేటర్ స్నాపర్ రెండింటినీ అపెండిక్స్ రెండులో, అంటే అనుమతులతోనే వ్యాపారం సాగే జాబితాలో చేర్చారు. తూర్పు రాష్ట్రాల్లో మే చివర, జూన్‌లో రోడ్డు దాటుతూ కనిపించేవి ఎక్కువగా గుడ్లు పెట్టడానికి బయల్దేరిన ఆడవే. దాటించాలంటే అది వెళ్తున్న వైపుకే దాటించాలి. వెనక్కి పెడితే మళ్లీ అదే రోడ్డెక్కుతుంది. కారులోని రబ్బరు మ్యాట్ మీదికి ఎక్కించి ఈడ్చడం మనిషికీ తాబేలుకూ క్షేమం.

పడమటి వైపు లెక్క మారిపోతుంది. ఆరిగాన్‌కు స్థానిక మంచినీటి తాబేళ్లు రెండే, వెస్టర్న్ పెయింటెడ్ టర్టిల్, నార్త్‌వెస్టర్న్ పాండ్ టర్టిల్. పాండ్ టర్టిళ్లను రక్షిత జాబితాలో చేర్చాలని ఫెడరల్ ప్రభుత్వం 2023లో ప్రతిపాదించింది. మొక్కలు, చేపలు, కప్పలు, తాబేలు పిల్లలు, దొరికిందల్లా తినే పెద్ద స్నాపర్ ఆ నీటిలో చేరడం ఆ రెండింటికీ భారమే. అందుకే ఆరిగాన్‌లో వీటిని పెంచడం, తేవడం, వదిలేయడం నిషేధం. కాలిఫోర్నియాలో స్నాపింగ్ టర్టిల్ కుటుంబం మొత్తం అనుమతి లేకుండా ఉంచుకోకూడని జాబితాలో ఉంది. వేరే రాష్ట్రం నుంచి పిల్లలకోసం తెచ్చిన చిన్న స్నాపర్ ఈ రాష్ట్రాల్లో నేరమవుతుంది. దాన్ని చెరువులో వదిలేస్తే అదీ నేరమే.

హ్యూస్టన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, మనవాళ్లు అక్కడ ఎక్కువ కాబట్టి. కేటీ వైపు మొదలై నగరం మధ్యలోంచి పారే బఫెలో బయో అనే వాగులో ఆలిగేటర్ స్నాపర్లు స్థానికంగా బతుకుతున్నాయి. భయంకరంగా కనిపించే ఆ ముళ్ల తాబేలును చూసి ఎవరో వదిలిన పరాయి జంతువు అనుకోవడం అక్కడ మామూలు. టెక్సస్ చట్టం దానికి రక్షణ ఇస్తుంది. టెక్సస్ నుంచి వీటిని పట్టి లూయిజియానాకు అక్రమంగా తరలించిన కేసుల్లో ఫెడరల్ కోర్టులో శిక్షలు కూడా పడ్డాయి. అలాంటి చోట ఫొటోతో పాటు కచ్చితమైన చోటును పబ్లిక్‌గా పెట్టడం దొంగలకు దారి చూపడమే. ఐనాచురలిస్ట్‌లో చోటును అబ్‌స్క్యూర్డ్ అని పెట్టండి. అప్పుడు సూది 400 చదరపు కిలోమీటర్లకు పైబడిన గడిలో ఎక్కడో యాదృచ్ఛికంగా పడుతుంది. ముప్పులో ఉన్న జాతులకు ఆ సైట్ తనంతట తానే ఇలా చేస్తుంది.

పడమటి రాష్ట్రాల్లో మాత్రం ఈ మసకే అడ్డం. అక్కడ అధికారులకు కావాల్సింది కచ్చితమైన చోటు. పెరటి చెరువు కాబట్టి ఇంటి అడ్రసు బయటపడకూడదనుకుంటే ఐనాచురలిస్ట్‌లో మసకగా ఉంచి, నాస్‌కు విడిగా రిపోర్ట్ పంపండి. నాస్‌లో రిపోర్ట్ అనే ఫారం ఉంది. జాతి, తేదీ, పటం మీద చోటు, ఫొటో, మీ పేరు, ఈమెయిల్ అడుగుతుంది. ఫొటో లేకుండా పంపకండి. వాళ్లు నిపుణులకు చూపించి సరిచూశాకే డేటాబేస్‌లోకి ఎక్కిస్తారు. ఆరిగాన్ అయితే రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగానికి కూడా అదే రోజు చెప్పండి. నాస్ లెక్క రాసుకుంటుంది, నీటిలోంచి తీసే పని రాష్ట్రానిది. చెప్పేలోపు ఆ తాబేలును పట్టి ఇంట్లో ఉంచుకోవద్దు.

నాస్‌లో తక్కువమందికి తెలిసిన మంచి సదుపాయం అలర్టులు. ఈమెయిల్ ఇచ్చి రాష్ట్రం, జాతి ఎంచుకుంటే, ఒక జాతి మీ రాష్ట్రంలోనో కౌంటీలోనో పరీవాహక ప్రాంతంలోనో మొదటిసారి కనిపించినప్పుడు కబురు వస్తుంది. ఇప్పటికే నమోదైన చోట మళ్లీ కనిపిస్తే రాదు, కాబట్టి పెట్టె నిండిపోతుందన్న భయం అక్కర్లేదు.

భారతదేశంలో

నాస్ అమెరికాకే పరిమితం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో చెరువులో పెద్ద వింత తాబేలు కనిపిస్తే ఐనాచురలిస్ట్ ఒక్కటే చేతిలో ఉన్నది. ఇక్కడ అది నయమే, ఎందుకంటే స్నాపింగ్ టర్టిళ్లు ఈ దేశంలో ఎక్కడా స్థానికం కావు. రాష్ట్రాల హద్దుల చిక్కే ఉండదు. ఆ "దగ్గర్లో ఉండే అవకాశం లేనివి చూపించు" అన్న ఎంపిక మాత్రం ఇక్కడ తప్పనిసరి. మన అక్వేరియం దుకాణాల నుంచి చెరువులకు చేరేవాటిలో ఎక్కువగా కనిపించేది చెవి దగ్గర ఎర్ర చార ఉన్న రెడ్ ఇయర్డ్ స్లైడర్. దానికీ ఇదే పద్ధతి. డిప్ప చదునుగా, మెత్తటి అంచుతో ఉంటే అది మన నీటి తాబేలే కావచ్చు. దాన్ని ముట్టుకోకుండా వదిలేయాలి.

ఇంట్లో స్నాపర్ ఉన్నవాళ్లకు ఒక మాట. 2022 వన్యప్రాణి చట్ట సవరణ తర్వాత సైటీస్ జాబితాలోని జీవులు నాలుగో షెడ్యూలు కిందికి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవి ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పుట్టుక, మరణం, చేతులు మారడం కూడా చెప్పాలి. నమోదు లేకుండా ఉన్న తాబేలు పెద్దదై బరువవుతోందని చెరువులో వదలకండి, దగ్గర్లోని అటవీ శాఖ కార్యాలయానికి అప్పగించండి. అప్పగించేముందు డిప్ప పైనుంచి, తల పక్కనుంచి, తోక ఫొటోలు తీసి ఉంచుకోండి. ఏ స్నాపరో కార్యాలయంలో అడిగితే చూపించడానికి అవే పనికొస్తాయి.